కరోనా తగ్గిన నాలుగో వారంలో మళ్ళీ జ్వరం: పెద్దవాళ్లలో ఎంఐఎస్-ఎ కథ

కరోనా విషయంలో మనందరి బుర్రలో ఒక లెక్క ఫిక్స్ అయిపోయింది. మొదటి వారం జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు. రెండో వారంలో ఆక్సిజన్ పడిపోతే పడిపోతుంది, లేదంటే గండం గడిచినట్టే. విడిగా గదిలో పద్నాలుగు రోజులుండి, నెగెటివ్ రాగానే తలంటు పోసుకుని బయటికొచ్చేస్తే అయిపోయినట్టే. చాలామందికి నిజంగా అలాగే జరిగింది కూడా. కానీ ఈ లెక్కలో ఎక్కడా ఇమడని జబ్బు ఒకటుంది, అది కరోనా వచ్చిన నాలుగో వారం చుట్టుపక్కల, అంటే మనిషి మళ్ళీ డ్యూటీకి వెళ్లి బిర్యానీలు తినడం మొదలుపెట్టిన టైమ్‌లో వస్తుంది, వచ్చి గుండె, పేగులు, చర్మం, రక్తనాళాలు అన్నిటి మీదా ఒకేసారి పడుతుంది. పైగా ఎక్కువగా ఎవరికి వస్తుందయ్యా అంటే, అసలు కరోనా వచ్చినప్పుడు ఇంట్లోనే పారాసిటమాల్ వేసుకుని తగ్గించేసుకున్న కుర్రాళ్లకి. దీని పూర్తి పేరు మల్టీసిస్టమ్ ఇన్‌ఫ్లమేటరీ సిండ్రోమ్ ఇన్ అడల్ట్స్, అంటే పెద్దవాళ్లలో చాలా అవయవాలు ఒకేసారి వాచిపోయే (ఇన్‌ఫ్లమేషన్) జబ్బు, డాక్టర్లు ఎంఐఎస్-ఎ అంటారు.

ఇది ముందు పిల్లల్లో బయటపడింది. 2020 ఏప్రిల్ చివర్లో బ్రిటన్‌లో పిల్లల ఐసీయూ డాక్టర్లు ఒక హెచ్చరిక పంపించుకున్నారు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు విపరీతమైన జ్వరం, కడుపునొప్పి, బీపీ పడిపోవడంతో వస్తున్నారు, చూడ్డానికి కవాసాకి జబ్బులాగా ఉంది, జాగ్రత్తగా చూడండి అని. దాదాపు అదే టైమ్‌లో ఇటలీలో కరోనాకి బాగా దెబ్బతిన్న బెర్గామో డాక్టర్లు కూడా కవాసాకి లాంటి కేసులు మామూలు కంటే 30 రెట్లు పెరిగాయని లెక్క తేల్చారు. కవాసాకి అంటే చిన్నపిల్లల్లో రక్తనాళాలు వాచిపోయే జబ్బు, జపాన్ డాక్టర్ తొమిసాకు కవాసాకి 1967లో 50 మంది పిల్లల కేసులు కలిపి రాశాక దానికి ఆయన పేరే వచ్చింది. ప్రపంచమంతా ఆయన పేరు మళ్ళీ తలుచుకుంటున్న రోజుల్లోనే, 2020 జూన్ 5న, 95 ఏళ్ల వయసులో ఆయన పోయారు. 2020 మే నెలకల్లా పిల్లల జబ్బుకి ఎంఐఎస్-సి అనే పేరు ఖాయమైంది.

పెద్దవాళ్ల సంగతి బయటికి రావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది. 2020 అక్టోబర్ మొదట్లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఒక రిపోర్ట్ వేసింది, అమెరికా, బ్రిటన్‌లలో మార్చి నుంచి ఆగస్టు మధ్య దొరికిన 27 మంది పెద్దవాళ్ల కేసులు అందులో ఉన్నాయి. అందులో ఒక్క ముక్క బాగా గుర్తుపెట్టుకోవాలి, ఆ 27 మందిలో దాదాపు మూడోవంతు మందికి కరోనా వచ్చిందని తెలిసింది యాంటీబాడీ పరీక్ష చేస్తేనే. అంటే ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్షని మాత్రమే నమ్ముకుంటే, వీళ్ల జబ్బుకీ కరోనాకీ సంబంధమే లేదనుకుని వేరే దారిలో పోయేవాళ్లు.

2021 సెప్టెంబర్‌లో అప్పటిదాకా ప్రపంచవ్యాప్తంగా పోగైన 221 కేసులని ఒకచోట పెట్టి చూశారు. జ్వరం 96 శాతం మందికి ఉంది. బీపీ పడిపోయినవాళ్లు 60 శాతం, గుండె పంపింగ్ దెబ్బతిన్నవాళ్లు 54 శాతం, ఆయాసం 52 శాతం, విరేచనాలూ 52 శాతమే. ఐసీయూకి వెళ్లినవాళ్లు 57 శాతం, చనిపోయినవాళ్లు 7 శాతం. ఒక్కో మనిషిలో సగటున ఐదు అవయవ వ్యవస్థలు దెబ్బతిన్నాయి. మధ్యస్థ వయసు 21, మగవాళ్లు 70 శాతం, సగానికి పైగా మందికి అంతకుముందు షుగర్, బీపీ లాంటి జబ్బులేవీ లేవు. ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త: ఇలాంటి సమీక్షల్లోకి బాగా సీరియస్ అయి, పెద్దాస్పత్రిలో పడి, డాక్టర్లు కేసు రాసి పత్రికకి పంపించినవాళ్లే ఎక్కువగా వస్తారు కాబట్టి ఈ శాతాలు కొంచెం భయంకరంగానే కనిపిస్తాయి. జబ్బు మాత్రం అరుదైనదే, కరోనా వచ్చిన కోట్లమందిలో దీని బారిన పడ్డవాళ్లు చాలా తక్కువ.

అరుదైనదే అయితే ఇంత చర్చ ఎందుకంటే, ఇది దొరక్కుండా తప్పించుకునే తీరు మన దగ్గర మరీ సులువు. ఒక ఊహా కేసు తీసుకుందాం. ఆగస్టు నెల, వానాకాలం, క్యాజువాలిటీకి 29 ఏళ్ల కుర్రాణ్ని తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా 103 జ్వరం, వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి. కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ పుసి లేదు, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు. బీపీ 80/50, నాడి 130. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. ఇది చూడగానే మన దగ్గర ఎవరికైనా నోట్లోంచి వచ్చే మొదటి మాట డెంగీ. డెంగీని పట్టే ఎన్ఎస్1 పరీక్ష నెగెటివ్ వస్తే టైఫాయిడ్, విడాల్ పరీక్ష ఎలాగూ ఏదో ఒక పాజిటివ్ చూపిస్తుంది, అదీ నమ్మకపోతే స్క్రబ్ టైఫస్, లెప్టోస్పైరా, ఏదీ కాకపోతే సెప్సిస్, అంటే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం. తెల్లకణాలు 18 వేలు, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్పే సీఆర్‌పీ మామూలుగా పది లోపు ఉండాల్సింది 240 ఉంది, కాబట్టి ఇంకేముంది ఇన్ఫెక్షనే అని యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు. అలా మొదలుపెట్టడం తప్పేమీ కాదు, ఆ స్థితిలో ఉన్న మనిషికి సెప్సిస్ కాదని తేలేదాకా యాంటీబయాటిక్ ఇవ్వాల్సిందే. కేస్ షీట్‌లో జ్వరం ఎన్ని రోజుల నుంచి అని రాసే గడి ఉంటుంది, నాలుగు రోజులు అని రాస్తారు. నెల కిందట ఏమైనా వచ్చిందా అనే గడి ఉండదు. మూడో రోజు ఎవరో పీజీ డాక్టర్ అడిగితే భార్య అంటుంది, "ఆ, పోయిన నెల ఇంట్లో అందరికీ వచ్చింది సార్, ఈయనకి రెండు రోజులే, అదెప్పుడో తగ్గిపోయింది కదా" అని.

ఆ "ఎప్పుడో తగ్గిపోయింది కదా" అనే మాటలోనే డయాగ్నోసిస్ ఉంది.

నాలుగు వారాలు ఎందుకు అనేది అసలు ప్రశ్న. వైరస్ నేరుగా చేసే డ్యామేజ్ అయితే వైరస్ ఎక్కువగా ఉన్న మొదటి వారంలోనే కనిపించాలి. ఇక్కడ గొంతులో వైరస్ పోయి వారాలవుతుంది, ఆర్‌టీపీసీఆర్ చాలాసార్లు నెగెటివ్, కానీ రక్తంలో యాంటీబాడీలు నిండుగా ఉంటాయి. శరీరం ఒక వైరస్ మీద ప్రత్యేకంగా యాంటీబాడీలు, టీ కణాలు (శత్రువుని గుర్తుపట్టి దాడి చేసే ఒక రకం తెల్లకణాలు) తయారు చేసుకుని పూర్తి బలం పుంజుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, సరిగ్గా ఆ బలగం పీక్‌లో ఉన్నప్పుడే ఈ జబ్బు మొదలవుతోంది. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు అంటాం కదా, ఇక్కడ కుక్కలు మొరగడంతో ఆగకుండా ఇంట్లోవాళ్లనే కరుస్తున్నాయి. ఇలాంటి ఆలస్యం మన డాక్టర్లకి కొత్తేమీ కాదు, రుమాటిక్ జ్వరం ఇదే తీరు: పిల్లాడికి గొంతునొప్పి వచ్చి తగ్గిపోతుంది, రెండు మూడు వారాల తర్వాత కీళ్లు వాస్తాయి, గుండె కవాటాలు దెబ్బతింటాయి. అది బ్యాక్టీరియా వల్ల వచ్చేది, ఇది వైరస్ వల్ల, కానీ అసలు దాడి చేసినోడు వెళ్లిపోయాక మన సైన్యమే మన మీద తిరగబడటం రెండిట్లోనూ ఒకటే.

సైన్యం ఎందుకు తిరగబడుతుంది అనేదానికి పిల్లల కేసుల మీద జరిగిన పరిశోధనలే ఎక్కువ, పెద్దవాళ్లవి తక్కువ. పిల్లల్లో ఒక రకం టీ కణాలు, టీఆర్‌బీవీ11-2 అనే గుర్తున్నవి, మామూలు కంటే విపరీతంగా పెరిగిపోయి కనిపించాయి. ఏదో ఒక పదార్థం సూపర్ యాంటిజెన్‌లాగా పనిచేసి, ఒక్కొక్క కణాన్ని ఏరుకోకుండా గుంపుని గుంపుగా లేపేస్తోందన్న అనుమానం అక్కణ్నుంచే వచ్చింది. ఇంకో ఆధారం 2024లో వచ్చింది, ఎంఐఎస్-సి వచ్చిన పిల్లల్లో మూడోవంతు పైగా మందికి ఎస్ఎన్ఎక్స్8 అనే సొంత ప్రోటీన్ మీదే యాంటీబాడీలు ఉన్నాయని కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్‌ఫ్రాన్సిస్కో వాళ్లు చూపించారు. ఆ ప్రోటీన్‌లో ఒక చిన్న ముక్క కరోనా వైరస్‌లోని ఒక ముక్కని పోలి ఉంటుంది, వైరస్‌ని గుర్తుపట్టడం నేర్చుకున్న టీ కణాలు పోలిక చూసి సొంత ప్రోటీన్‌ని కూడా శత్రువనుకుంటున్నాయి. కవల పిల్లల్లో ఒకడు తప్పు చేస్తే ఇంకోడు దెబ్బలు తిన్నట్టు. అయితే మిగతా పిల్లల్లో ఇది లేదు, పెద్దవాళ్లలో కూడా ఇదే జరుగుతోందని ఎవరూ తేల్చలేదు, కాబట్టి కారణం దొరికేసింది అని రాసేవాళ్లని నమ్మక్కర్లేదు.

మన న్యూస్ చానెళ్లు 2021లో ప్రతిదానికీ సైటోకైన్ స్టార్మ్ (రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పి చెలరేగడం) అనే పేరు తగిలించాయి, దానివల్ల జనాలకి రెండు వేర్వేరు విషయాలు ఒకటైపోయాయి. రెండో వారంలో ఊపిరితిత్తులు నిండిపోయి ఆక్సిజన్ పడిపోయేది ఒకటి, అది వైరస్ ఇంకా శరీరంలో ఉండగానే జరిగేది, ఎక్కువగా వయసు మళ్లినవాళ్లకి, షుగర్ ఉన్నవాళ్లకి. ఎంఐఎస్-ఎ ఇంకొకటి, కుర్రాళ్లకి, వారాల తర్వాత, ఊపిరితిత్తులు ప్రధానం కాకుండా. ఆయాసం ఇందులోనూ సగం మందికి ఉంటుంది కానీ అది చాలావరకు గుండె సరిగ్గా కొట్టక, లంగ్స్‌లోకి నీరు చేరి వచ్చే ఆయాసం. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించగానే కరోనా న్యుమోనియా అని రాసేస్తే కథ అక్కడే పక్కదారి పడుతుంది.

సీడీసీ పెట్టిన డెఫినిషన్ ప్రకారం 21 ఏళ్లు, ఆపైన ఉండాలి, కనీసం 24 గంటలు ఆస్పత్రిలో ఉండాలి, 38 డిగ్రీల సెల్సియస్ అంటే మన లెక్కలో 100.4 పైన జ్వరం ఉండాలి. ఇంక పెద్ద లక్షణాలు రెండు: ఒకటి తీవ్రమైన గుండె సమస్య, అంటే గుండె కండరం వాపు, పంపింగ్ 50 శాతం లోపుకి పడిపోవడం, రిథమ్ తప్పడం లాంటివి, రెండోది ఒంటిమీద దద్దురుతో పాటు చీము లేని ఎర్ర కళ్లు. చిన్న లక్షణాలు నాలుగు: కొత్తగా వచ్చిన నరాల సమస్య, బీపీ పడిపోవడం, కడుపునొప్పి వాంతులు విరేచనాలు, ప్లేట్‌లెట్లు లక్షన్నర లోపు. మొత్తం మీద మూడు ఉండాలి, అందులో ఒకటన్నా పెద్దది అయ్యుండాలి. వీటికి తోడు ఇన్‌ఫ్లమేషన్‌ని చూపించే రక్తపరీక్షలు సీఆర్‌పీ, ఫెరిటిన్, ఐఎల్-6, ఈఎస్ఆర్, ప్రోకాల్సిటోనిన్‌లలో కనీసం రెండు పెరిగుండాలి, కరోనా వచ్చినట్టు ఏదో ఒక ఆధారం ఉండాలి. వేరే కారణం ఏదీ సరిపోకూడదు కూడా.

ఈ లిస్ట్‌లో ఒక చమత్కారం ఉంది. ప్రోకాల్సిటోనిన్ పెరిగితే బ్యాక్టీరియా ఇన్ఫెక్షనే అని చాలాచోట్ల గుడ్డిగా నమ్ముతారు, ఎంఐఎస్-ఎలో అది కూడా పెరుగుతుంది, కాబట్టి దాన్ని చూసి సెప్సిస్ అని కన్ఫర్మ్ చేసుకుంటే పప్పులో కాలేసినట్టే. అలాగే వయసు గీత. అమెరికాలో 21 లోపు పిల్లల జబ్బు, పైన పెద్దల జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లల గీత 19 దగ్గర పెట్టింది. ఆ గీతలు లెక్కలు రాసుకోవడానికి, జబ్బుకి ఆధార్ కార్డుతో పనిలేదు. మన దగ్గర చాలా ఆస్పత్రుల్లో పిల్లల వార్డు 12 లేదా 14 ఏళ్ల దగ్గరే ఆగిపోతుంది, అంటే ఇంటర్ చదివే పిల్లాడికి ఇది వస్తే జనరల్ మెడిసిన్ వార్డులో పడతాడు, అక్కడ కవాసాకి కేసు జీవితంలో ఒక్కటీ చూడని డాక్టర్ చూస్తారు. పిల్లల డాక్టర్లకి ఎర్ర కళ్లు, దద్దురు, ఐదు రోజుల జ్వరం కలిసి కనిపిస్తే వెంటనే బుర్రలో గంట కొడుతుంది, పెద్దల డాక్టర్లకి ఆ గంట లేదు. పెద్దవాళ్ల కేసులు ఐదు నెలలు ఆలస్యంగా బయటపడటానికి ఇదీ ఒక కారణమే అనిపిస్తుంది.

ఇప్పుడు మళ్ళీ ఆ కుర్రాడి దగ్గరికి వద్దాం. బీపీ 80 ఉంది కాబట్టి సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టారు, సెప్సిస్ అయినా డెంగీ షాక్ అయినా అదే చెయ్యాలి కదా. మొదటి బాటిల్‌కి బీపీ 90 అయ్యింది, మళ్ళీ పడింది, రెండో బాటిల్, మూడో బాటిల్. రాత్రికి పడుకోలేకపోతున్నాడు, లేచి కూర్చుంటేనే ఊపిరి ఆడుతోంది, మెడ నరాలు ఉబ్బాయి, చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయి. బెడ్ పక్కన ఎకో (గుండె స్కానింగ్) పెట్టి చూస్తే గుండె పంపింగ్ 35 శాతం. నీళ్లు తక్కువై బీపీ పడిపోలేదు, పంపు బలహీనపడి పడిపోయింది, ఆ పంపు మీద ఇంకో లీటరున్నర వేశారు. ఈసీజీలో మార్పులు, రక్తంలో, గుండె కండరం దెబ్బతింటే పెరిగే ట్రోపోనిన్ ఎక్కువ ఉంటే హార్ట్ ఎటాక్ అనుకుని యాంజియోకి తీసుకెళ్లడం కూడా జరుగుతుంది, రక్తనాళాలు శుభ్రంగా ఉంటాయి. అందుకే జ్వరంతో వచ్చి సెలైన్‌కి లొంగని షాక్‌లో ఉన్న కుర్రాడికి ఎకో అనేది రేపు చేద్దాంలే అనే పరీక్ష కాదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర నీరసం అనగానే రెండు సెలైన్లు పెట్టించుకునే అలవాటు మనకి ఎంత ఉందో తెలిసిందే, మామూలు విరేచనాల్లో అది పెద్దగా నష్టం చెయ్యదు, ఇక్కడ చేస్తుంది.

ట్రీట్‌మెంట్ విషయానికొస్తే స్టెరాయిడ్, ఐవీఐజీ (దాతల యాంటీబాడీలతో చేసే మందు), ఇవి రెండే ప్రధానంగా వాడేవి, లొంగకపోతే ఇన్‌ఫ్లమేషన్‌ని అణిచే టోసిలిజుమాబ్, అనాకిన్రా లాంటివి. స్టెరాయిడ్ అనగానే 2021 సెకండ్ వేవ్ గుర్తొస్తుంది, వాట్సాప్‌లో తిరిగిన ప్రిస్క్రిప్షన్ చూసి జ్వరం వచ్చిన రెండో రోజే డెక్సా, మెడ్రాల్ మింగినవాళ్లు ఎంతమందో. దాని ఫలితం కూడా చూశాం, షుగర్లు ఆకాశానికెళ్లి బ్లాక్ ఫంగస్ వచ్చి, ఆ మే నెలలో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ప్రత్యేకంగా దానికే కేటాయించాల్సి వచ్చింది. దాంతో కొందరికి స్టెరాయిడ్ అంటేనే విషం అన్న అభిప్రాయం ఏర్పడింది. రెండూ తప్పే, ఎందుకంటే ఈ మందు మంచిదా చెడ్డదా అనేది అది ఏ వారంలో పడింది అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

బ్రిటన్‌లో కరోనా మందుల మీద జరిగిన రికవరీ అనే ట్రయల్‌లో ఇది అంకెల్లోనే కనిపిస్తుంది. రోజుకి 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 28 రోజుల్లోపు మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవాళ్లలో 26.2 నుంచి 23.3కి. ఆక్సిజన్ అవసరమే లేనివాళ్లలో మాత్రం 14 శాతం ఉండాల్సిన చోట 17.8 శాతం వచ్చింది, ఆ తేడాని గణాంకాల ప్రకారం ఖాయంగా నష్టం అనలేం కానీ లాభం మాత్రం లేనే లేదు. వైరస్ పెరుగుతున్న రోజుల్లో సైన్యాన్ని కట్టిపడేస్తే శత్రువుకి దారి ఇచ్చినట్టు, శత్రువు పోయాక సైన్యం ఊరిని తగలబెడుతుంటే కట్టిపడెయ్యకపోవడం ఇంకో తప్పు. ఎంఐఎస్-ఎ ఈ రెండో కోవకి పూర్తిగా చెందిన జబ్బు, అందుకే ఇందులో స్టెరాయిడ్ పడ్డ ఒకట్రెండు రోజుల్లోనే జ్వరం దిగి, బీపీ మందులు తగ్గించేంతగా తేరుకున్న కేసులు చాలా రిపోర్ట్ అయ్యాయి. కాకపోతే స్టెరాయిడ్ ఇచ్చేముందు అది నిజంగా సెప్సిసో, టీబీయో, స్క్రబ్ టైఫసో కాదని సాధ్యమైనంత చూసుకోవాలి, బ్లడ్ కల్చర్ తీసి యాంటీబయాటిక్ కవర్ పెట్టుకునే ఇస్తారు. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌లో కలిపేసే డెక్సాకీ దీనికీ పోలిక లేదు.

ఐవీఐజీ అంటే వేలమంది దాతల ప్లాస్మా కలిపి, అందులోంచి యాంటీబాడీలు వేరుచేసి తయారు చేసే మందు. కవాసాకిలో దశాబ్దాలుగా వాడుతున్నారు, డోస్ కిలో బరువుకి 2 గ్రాములు. పదికిలోల పిల్లాడికి 20 గ్రాములు సరిపోతుంది, 70 కిలోల మనిషికి 140 గ్రాములు కావాలి. 5 గ్రాముల సీసాలైతే 28. బిల్లు లక్షల్లో వస్తుందని వేరే చెప్పక్కర్లేదు, పిల్లల జబ్బులో మొదటి మందుగా ఉన్నది పెద్దల్లో అంత తేలిగ్గా ఎందుకు వాడరో ఇక్కడే తెలుస్తుంది. డబ్బు ఒక్కటే సమస్య కాదు, 10 శాతం ద్రావణం అయితే ఆ 140 గ్రాములు 1.4 లీటర్లు, 5 శాతం అయితే 2.8 లీటర్లు. పంపింగ్ 35 శాతం ఉన్న గుండె మీద ఒకేసారి అంత పొయ్యలేరు కాబట్టి రోజులకి పంచి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఇంకో చిక్కు, ఐవీఐజీ ఎక్కించాక చేసే యాంటీబాడీ పరీక్షలకి అర్థం ఉండదు, ఎందుకంటే అందులో వేలమంది యాంటీబాడీలు ఉంటాయి, అందుకే శాంపిల్ ముందే తీసి పెట్టుకోవాలి.

వైరస్ తర్వాత వచ్చే పెద్ద ఇన్‌ఫ్లమేషన్ జబ్బులు కరోనాతో మొదలవ్వలేదు. మన దగ్గర డెంగీ తర్వాత కొందరికి వచ్చే హెచ్ఎల్హెచ్ దీనికి దూరపు చుట్టం. డెంగీ జ్వరం మామూలుగా వారంలో దిగిపోవాలి, పదో రోజు దాటినా దిగకుండా, ప్లేట్‌లెట్లతో పాటు తెల్లకణాలు, హిమోగ్లోబిన్ కూడా పడిపోతూ, ప్లీహం వాచి, ఫెరిటిన్ వేలల్లోకి, కొన్నిసార్లు పదివేలు దాటి పోతుంటే, శరీరంలోని మాక్రోఫేజ్ కణాలు సొంత రక్తకణాలనే మింగేస్తున్నాయేమో అని అనుమానించాలి. అప్పుడు కూడా ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే పట్టుకుని, ఒకవైపు బొప్పాయి ఆకు రసం తాగిస్తూ ఇంకోవైపు ప్లేట్‌లెట్లు ఎక్కిస్తూ కూర్చుంటే అసలు జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. విచిత్రం ఏంటంటే మామూలు డెంగీలో స్టెరాయిడ్ వాడొద్దంటారు, అదే డెంగీ హెచ్ఎల్హెచ్‌గా మారితే స్టెరాయిడే ప్రధాన మందు.

అలాగని వైరస్ తర్వాత వచ్చే ప్రతిదానికీ స్టెరాయిడే అనుకుంటే అదీ కుదరదు. జీబీఎస్ అనే నరాల జబ్బు తీసుకోండి, ఫ్రాన్స్‌లో గీయాన్, బారే, స్ట్రోల్ అనే డాక్టర్లు 1916లో ఇద్దరు సైనికుల్లో వర్ణించిన జబ్బు, ఇన్ఫెక్షన్ తగ్గిన ఒకటి రెండు వారాలకి కాళ్ల నుంచి మొదలై పైకి పాకే చచ్చుబడటం. ఫ్రెంచ్ పాలినేషియాలో 2013-14 జికా తర్వాత ఒక్కసారిగా 42 కేసులొచ్చాయి. 2025 మొదట్లో పుణేలో పెద్ద సంఖ్యలో వచ్చి, తర్వాత గుంటూరు జీజీహెచ్‌లో కేసులు, మరణం వార్తల్లోకి రావడం మనకి గుర్తే, పుణేలో మాత్రం ప్రధాన అనుమానం నీళ్ల ద్వారా వచ్చే కాంపైలోబాక్టర్ అనే బ్యాక్టీరియా మీద. ఇందులో కూడా సొంత యాంటీబాడీలే సొంత నరాల మీద పడతాయి, అయినా స్టెరాయిడ్ పనిచెయ్యదు, ఐవీఐజీ లేదా ప్లాస్మా మార్పిడి పనిచేస్తాయి. చికున్‌గున్యా ఇంకోలా ఉంటుంది, 2005-06లో రాయలసీమ నుంచి మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ అంతా కుదిపేసినప్పుడు జ్వరం నాలుగు రోజుల్లో పోయినా, పొద్దున లేవగానే గ్లాసు కూడా పట్టుకోలేని చేతులతో నెలలు, కొందరు ఏళ్ల తరబడి బాధపడ్డారు. మామూలుగా ప్రాణం తియ్యదు, ప్రశాంతంగా ఉండనివ్వదు.

ఎంఐఎస్-ఎకి మళ్ళీ వస్తే, టీకాలు వచ్చాక, వేరియంట్లు మారాక ఇది బాగా తగ్గింది. పిల్లల మీద లెక్కలు స్పష్టంగా ఉన్నాయి, 12 నుంచి 18 ఏళ్లవాళ్లలో రెండు డోసుల ఫైజర్ టీకా ఎంఐఎస్-సి రాకుండా 91 శాతం కాపాడిందని సీడీసీ 2022 జనవరిలో చెప్పింది. టీకా తర్వాత ఇలాంటి జబ్బు వచ్చినట్టు రిపోర్ట్ అయినవి అక్కడక్కడా ఉన్నాయి కానీ వేళ్ల మీద లెక్కపెట్టే స్థాయి, అందులో కూడా కొందరికి టీకాకి ముందో వెనకో కరోనా కూడా వచ్చి ఉంది కాబట్టి దేన్ని తప్పుపట్టాలో తేల్చడం కష్టం.

అయితే తగ్గుతున్నకొద్దీ పట్టుకోవడం ఇంకా కష్టమైంది. 2020లో యాంటీబాడీ పాజిటివ్ అంటే అదొక పెద్ద క్లూ. ఐసీఎంఆర్ 2021 జూన్, జులైలో చేసిన నాలుగో సీరో సర్వే (ఎంతమంది రక్తంలో యాంటీబాడీలున్నాయో చూసే సర్వే)లోనే దేశంలో 67.6 శాతం మందికి యాంటీబాడీలు ఉన్నాయి, ఇప్పుడు లేనివాళ్లని వెతుక్కోవాలి. కోవిషీల్డ్ వేసుకున్నవాళ్లకి వైరస్ పైన ముళ్లలా ఉండే స్పైక్ ప్రోటీన్ మీద మాత్రమే యాంటీబాడీలు వస్తాయి కాబట్టి, వైరస్ లోపలి న్యూక్లియోకాప్సిడ్ ప్రోటీన్ మీద యాంటీబాడీలున్నాయా అనే పరీక్ష చేసి, ఇది టీకాదా నిజం కరోనాదా అని విడదియ్యొచ్చు. మన హైదరాబాద్‌లో తయారైన కోవాగ్జిన్ చంపేసిన పూర్తి వైరస్‌తో చేసిన టీకా, దాంతో న్యూక్లియోకాప్సిడ్ యాంటీబాడీలూ వస్తాయి, ఆ దారీ మూసుకుపోయినట్టే. అమెరికాలో పిల్లల డెఫినిషన్‌ని 2023 జనవరి నుంచి మార్చినప్పుడు, పీసీఆర్ లేదా యాంటిజెన్ పరీక్షలో కరోనా పాజిటివ్ వచ్చినది గత 60 రోజుల్లోపు అయ్యుండాలని ఒక గడువు పెట్టారు. ఇప్పుడు రెండు రోజుల జ్వరానికి ఎవరూ కరోనా పరీక్ష చేయించుకోవట్లేదు, ఏదో వైరల్ ఫీవర్ అంటారు, డోలో వేసుకుంటారు, తేదీ కూడా గుర్తుండదు. అందుకని డాక్టర్లు ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న మీకు కరోనా వచ్చిందా అని కాదు, దానికి ఎవరైనా లేదనే అంటారు. గత రెండు నెలల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, జలుబు వచ్చాయా, ఎవరికి ముందు వచ్చింది, మీకు ఎప్పుడు తగ్గింది అని ఒక్కొక్కటిగా లాగాలి. వినాయక చవితికి ముందా తర్వాతా అని అడిగితే తేదీ చెప్పలేనివాళ్లు కూడా టక్కున చెప్తారు.

బతికి బయటపడ్డవాళ్లలో గుండె చాలామందికి కోలుకుంటుంది, పంపింగ్ 35 ఉన్నది వారాల్లోనే 55, 60కి రావడం చూశారు, మామూలు హార్ట్ ఎటాక్‌లో కండరం చచ్చిపోయినట్టు ఇందులో ఎక్కువసార్లు చచ్చిపోదు, వాచి మొద్దుబారి ఉంటుంది. అయినా వాపు పూర్తిగా తగ్గకుండా బరువులెత్తితే, పరుగులు పెడితే రిథమ్ తప్పే ప్రమాదం ఉంది కాబట్టి గుండె కండరం వాపు ఉన్నవాళ్లని మూడు నుంచి ఆరు నెలలు జిమ్, క్రికెట్ లాంటివి మానెయ్యమంటారు, మధ్యలో ఎకో రిపీట్ చేస్తారు, వీలైతే గుండె ఎంఆర్ఐ. స్టెరాయిడ్‌ని కూడా డిశ్చార్జ్ రోజున టక్కున ఆపరు, వారాలపాటు మెట్లు దిగినట్టు తగ్గిస్తారు, త్వరగా ఆపితే జ్వరం, సీఆర్‌పీ మళ్ళీ లేచే అవకాశం ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల మనిషికి ఇంటికొచ్చిన పదో రోజుకి ఒంట్లో అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, ఎకో అపాయింట్‌మెంట్‌కి సెలవు పెట్టాలంటే బద్ధకం వస్తుంది, ఇంట్లోవాళ్లు కూడా తగ్గిపోయింది కదా అంటారు.